పచ్చగా చూపించిన చేలు

అద్దంకి వైపు మిరపచేలన్నీ తెగులుకు ఎండిపోయాయి. డ్రోన్ తీసిన ఫోటోలన్నీ ఒంగోలు పంటల బీమా ఆఫీసులో, షారోన్ కంప్యూటర్లో ఒకే మ్యాపుగా అతుక్కుని ఉన్నాయి. రాత్రి ఆఫీసులో ఆమె ఒక్కతే ఉండగా మేనేజరు ఫోన్ చేశాడు.

“ఆ ఎండు రంగు కనపడకూడదమ్మా. రంగు మార్చే ఫంక్షన్ పెట్టెయ్, ఫోటోలన్నిటికీ ఒకేసారి పడుతుంది.”

“రైతులకి పరిహారం రాదు కదండీ?”

“అసలు ఫోటోలు మనం ముట్టుకోవట్లేదుగా! చూపించే రంగేగా మార్చేది.”

నిజమే. ఈ పనిలో ఉన్న సుఖమే అది. ఎన్ని ఊళ్ల నోట్లో మట్టి కొట్టినా మన చేతికి మట్టంటదు. షారోన్ మార్చింది. చేలన్నీ పచ్చబడ్డాయి.

ఒక చేలో ఎవరో వంగి ఉన్నారు. ఇందాక లేరే! ఫంక్షన్ తీసేసి చూసింది. ఎండిన మొక్కలే ఉన్నాయి, మనిషి లేడు. మళ్లీ పెట్టింది. ఉన్నాడు. రంగు మార్చే ఫంక్షన్ మనిషినెలా తెస్తుంది?

బొమ్మ పెద్దది చేసింది. అతను కాయలు కోస్తున్నాడు. తను వేసిన పచ్చలో, లేని కాయలు. పక్కనే నిండిన గోతాలు.

మ్యాపు అలాగే మేనేజరుకు పంపేసి, కంప్యూటర్ కట్టేసింది.

ఊపిరి తీసుకోబోతే దగ్గొచ్చింది. గదంతా మిరపకాయల ఘాటు. బయట మెట్ల మీద ఏదో బరువు ఈడుస్తున్న చప్పుడు. అది తలుపు దగ్గర ఆగింది.

“పంట బాగా పండిందని చూపించారంటగా అమ్మా,” అంది ఒక గొంతు, ఎంతో మర్యాదగా. “ఎక్కడ దించమంటారు?”