రీడింగ్ హాలు గంట

అటెండరు కొమురెల్లి మళ్లీ కౌంటర్ మీద తల వాల్చి నిద్రపోయాడు. రీడింగ్ హాలు మూసే వేళ కొట్టే ఇత్తడి గంట తీసుకుని అతని చెవి పక్కనే మోగించాను. నెల రోజులుగా అతనికి ఇదే నా వైద్యం. చదువుకుంటున్న విద్యార్థులు పగలబడి నవ్వారు.

"తాగొచ్చి పడుకోవడానికి యూనివర్సిటీ లైబ్రరీ నీ ఇల్లనుకున్నావా?" అన్నాను. వణికే చేత్తో మూతి తుడుచుకున్నాడు. మెమో టైపు చేయించాను.

మధ్యాహ్నం అతని భార్య శివమ్మ తార్నాక నుంచి టిఫిన్ డబ్బా తెచ్చింది. ఆమె ఎడమ కన్ను కింద నల్లగా కమిలి ఉంది.

"తాగి నిన్ను కొడుతున్నాడన్నమాట," అన్నాను.

"తాగుడెక్కడిది సార్? ఆయనకు పార్కిన్సన్ రోగం. ఆ గోలీలు మింగితే పగలు కునుకు పడ్తది. రాత్రి కలొస్తే నిజమే అనుకొని చేతులు ఇసురుతడు. గీ దెబ్బ గట్ల తాకిందే. మళ్ల నన్ను కొడ్తనేమోనని నాలుగు దినాలసంది పండుకుంటనే లేడు, కుర్సీల కూసుంటుండు."

"డాక్టరేమన్నాడు?"

"పక్కలు ఏరే ఏసుకోమన్నడు. మాకున్నది ఒక్కటే రూము."

నేను మెత్తబడలేదు. "కలలో ఎవరితో అంత కొట్లాట?" అన్నాను.

శివమ్మ బల్ల మీదున్న గంట వైపు చూసింది.

"'గంట కొట్టకుండ్రి సార్' అని మొత్తుకుంటడు. నా కంటికి తాకిన గుద్దు మీకు ఏసింది సార్."