ఒక అంకె తప్పు

హెల్ప్‌లైన్ నంబరులో చివరి అంకె తప్పని తెలియడానికి రెండేళ్లు పట్టింది.

ఎమ్మిగనూరు రోడ్డులోని ఆ యూనివర్సిటీలో ప్రతి హాస్టల్ గోడ మీదా ఆ నంబరే ఉంది. 'మనసు బాగా లేదా? మాతో చెప్పుకోండి' అని దాని పైన రాసి ఉంది.

విద్యార్థుల మానసిక ఆరోగ్య కేంద్రం ఇన్‌చార్జి విజయ్ సార్ ఆ నంబరుకు ఒక్కసారీ చేసి చూడలేదు. ఆయన మనసు ఎప్పుడూ బాగానే ఉండేది మరి.

కేంద్రానికి ఒక్క ఫోనూ రాలేదు కాబట్టి పిల్లలంతా సంతోషంగా ఉన్నారని రిపోర్టు పంపాడు. దానికి శాలువా కూడా కప్పించుకున్నాడు.

తనిఖీ బృందం వస్తోందంటే, మొదటిసారి ఆ నంబరు నొక్కాడు.

ఎవరో ఆడమనిషి ఎత్తింది. వెనకాల మిషన్ల మోత.

"సెప్పు నాయనా. ఇంటాండా."

ఎవరు నువ్వని విజయ్ గద్దించాడు.

"తిన్యావా నాయనా?"

మా పిల్లలతో నీకేం మాటలని, పోలీసులకు పట్టిస్తానని నోటికొచ్చినట్టు తిట్టాడు. ఆమె ఒక్కసారీ అడ్డు రాలేదు.

"ఏడ్సొద్దు. నేను ఈడనే ఉండా. రేపు మళ్లా సెయ్యి."

విజయ్‌కు ఒళ్లు మండింది. తనతోనే ఎగతాళా!

గోడల మీద అంకె దిద్దించాడు. కంప్లయింటు ఇచ్చి ఆమె నంబరే ఆపించాడు. అసలు హెల్ప్‌లైన్ ఫోను కేంద్రంలో ఒక సొరుగులో ఉంది. సొరుగు తాళంచెవి ఆయన జేబులో ఉంది.

మద్దికెర అమ్మాయి మహాదేవి ఎమ్మెస్సీ చదువుతోంది. అమ్మానాన్నలు మిరప కోతలకు గుంటూరు వైపు సుగ్గికి వలస పోయారు. రోజూ సాయంత్రం హాస్టల్ మెట్ల మీద కూర్చుని ఆ తప్పు నంబరుతో మాట్లాడేది. మాట్లాడాకే మెస్‌కు పోయి అన్నం తినేది.

ఆ నంబరు ఆగాక వచ్చిన ఆదివారం, పాత నంబరుకు ఆరుసార్లు చేసింది. పలకలేదు. గోడ మీది కొత్త నంబరుకు పదకొండుసార్లు చేసింది. అది సొరుగులో మోగింది.

సోమవారానికి మహాదేవి ప్రాణాలతో లేదు.

పిల్లలు ధర్నాకు కూర్చున్నారు. ఆ తప్పు నంబరుతో మాట్లాడినవాళ్లు వందకు పైనే ఉన్నారని అప్పుడు బయటపడింది. మాకు ఆ అమ్మ కావాలని పట్టుబట్టారు.

యూనివర్సిటీ పెద్దసారు దిగొచ్చి, ఆమెకు కేంద్రంలో ఉద్యోగమిస్తూ కాగితం రాసి విజయ్‌ని పంపాడు.

ఆ నంబరుకు పోలీసులిచ్చిన అడ్రసు ఆదోనిలో ఒక పత్తి జిన్నింగు మిల్లుది. తలనిండా దూది పట్టిన ఈరమ్మ గేటు దగ్గర సద్ది తింటోంది. ఒళ్లో ఫోను.

విజయ్ ఆమె ముందు నేల మీదే కూర్చున్నాడు. మహాదేవి సంగతి చెప్పాడు. ఆ నంబరు ఆపించింది తానేనన్నాడు. చెబుతూ చెబుతూ ఏడ్చేశాడు.

ఈరమ్మ ఆయన తల నిమిరి, ఫోను చూపించి నవ్వింది.

"ఇరవై దినాలాయ, ఇది కదల్లేదు. పిల్లోల్లంతా బాగుండారు గదా నాయనా?"

విజయ్ మళ్లీ మొదటి నుంచి చెప్పబోయాడు. మిల్లు మేస్త్రి బజారి అడ్డుపడ్డాడు.

"ఇడ్సిపెట్టు సార్. మొదట్లో ఆ ఫోను కదిలినప్పుడు నేనే ఎత్తి, ఎవురో పిల్ల ఏడుస్తాందని ఆయమ్మకు సేత్తో సూపించినా. ఆ పొద్దు నుంచి మిషన్ ఇడ్సి వచ్చి ఎత్తేది. ఈ జిన్ను మోతకు ఆయమ్మ రెండు చెవులూ పోయి పదకొండేండ్లాయ."