కోసు దూరం, ఏ వైపు?

జ్యేష్ఠ బహుళ పంచమి, ఆదివారం. పొద్దున్నే ఉక్కపోత, పడమట నల్లమబ్బు. తేనెపట్టు వేలాడే మద్దికొమ్మ పగుళ్లిచ్చింది. వాన పడేలోగా కొత్త చోటు దొరక్కపోతే ఈగలన్నీ నేలపాలే.

చోటు వెతకడానికి వెళ్లిన ఝుంకారి అనే తేనెటీగ మెడ నిక్కించుకుని వాలింది. అంత దూరం పోగల రెక్కలు తనకు తప్ప ఎవరికున్నాయి?

"మంచి తొర్ర దొరికింది రాణెమ్మా! సరిగ్గా కోసు దూరం."

ఆ మాట వినీ వినగానే పోతుటీగలు తలోదిక్కుకూ ఎగిరిపోయాయి.

"ఏ వైపే? మన ఈగల ఆట ఆడి దిక్కు చూపించు" అంది రాణి.

"ఇంత దూరం ఎగిరినదాన్ని, పసిపిల్లలా నడుము ఊపుతూ ఆడాలా? కోసు అన్నానుగా!"

"కోసు దూరం చుట్టూరా ఉందే తల్లీ. నీ కోసు ఏది?"

కొమ్మ ఫెళ్లుమంది. ఝుంకారి గబగబా పట్టు మీద గీత గీసినట్టు నడుస్తూ, సూర్యుడికి కుడివైపని నడుము ఊపి చూపించింది. వట్టి దూరం అదిశ రాశి, దిక్కు తోడైతే సదిశ రాశి అని కాలేజీలో చెబుతారు గానీ, ఈగలకు ఆ ఆటే చాలు. గుంపంతా ఒక్క బాణంలా లేచింది. అన్నిటికన్నా ముందు ఝుంకారి, రాణిని మించిన ఠీవితో.

కొత్త తొర్ర రాణికి దక్కింది. పాత పట్టులోని తేనె చీమలకు దక్కింది. తలోదిక్కునా సరిగ్గా కోసు ఎగిరిన పోతుటీగలకు ఏమీ దక్కలేదు.