హైదరాబాద్ లీగ్

"సేఠ్, క్రికెట్ కిట్లు పదిహేను పంపు. మా కాలేజీ సిద్దిపేట లీగ్ వదిలి హైదరాబాద్ లీగ్‌ల చేరుతుంది. ఫీజే లక్షలల్ల ఉంది," అన్నాడు మా స్పోర్ట్స్ దుకాణానికి వచ్చిన కాలేజీ కరస్పాండెంట్ హన్మంతరావు.

"మరి ఆడపిల్లల కబడ్డీ జెర్సీలు?" అడిగాను.

"వద్దు. గాడ హైదరాబాద్‌ల మ్యాచులు రాత్రిపూట. ఇండ్లల్ల పంపరు, వాళ్లే మానుకుంటరు. మనం తీసేసినమన్న మాట రాదు."

నాకు రోత పుట్టింది. అమ్మడం ఇష్టంలేని సరుకుకు ఎవరూ కొనలేనంత ధర మేమూ చెబుతాం. కానీ వీళ్లు పిల్లలు.

జెర్సీ కొలతలివ్వడానికి వచ్చిన కబడ్డీ కెప్టెన్ రజిత దుకాణం గుమ్మంలో నిలబడి అంతా విన్నది.

"మా నాయినలు బండ్ల మీద బస్సు వెంట వస్తమన్నరు సార్."

"బస్సుల జాగ లేదు బిడ్డా," అన్నాడు హన్మంతరావు.

"అయితే టీమ్ తీసేసినమని నోటీసు బోర్డుల మీరే రాయుండ్రి. మేం మానుకున్నమని మాత్రం ఎవరికీ చెప్పకుండ్రి."