వీపు వెనక పాట

"వెనక్కి తిరిగావంటే అదే నీకు ఆఖరి డ్యూటీ. ముందే చెప్తున్నా," అన్నాడు సూపర్వైజరు.

"తిరగను సార్."

"అందరూ ఇలాగే అంటారు. పోయినసారి ఒకడు పాట మధ్యలో తిరిగి ఫోటో తీసుకున్నాడు. ఇప్పుడు ఇంట్లో కూర్చుని ఆ ఫోటోనే చూసుకుంటున్నాడు."

ఆమె నవ్వలేదు. వేదికకీ జనానికీ మధ్య ఇనుప కంచె ఉంది. కంచె లోపల, వేదికకి వీపు పెట్టి, జనం మొహాలు చూస్తూ నిలబడటం ఆమె పని. ఎవరైనా కంచె ఎక్కినా, ఊపిరాడక సొమ్మసిల్లినా పట్టుకోవాలి. వెనక ఎవరు పాడుతున్నారో, ఎవరు గంతులేస్తున్నారో ఆమెకి అనవసరం. తోటి గార్డులు ఆమెని గుంజ అంటారు, పాతిన చోటు నుంచి కదలదని. అలాంటి గుంజ ఈసారి కార్ల దగ్గర హాయిగా కూర్చునే డ్యూటీ వదులుకుని, ఈ చోటే కావాలని వారం రోజులు సూపర్వైజరు ప్రాణం తీసింది.

ఆయనకి అనుమానం రానే వచ్చింది. "చిన్నప్పుడు ఈ పాటల బృందమంటే పడిచచ్చేదానివటగా?"

"చిన్నప్పుడు సార్. ఇప్పుడు కాదు."

అబద్ధం ఆడితే ఆమెకి చెవులు వేడెక్కుతాయి. టోపీ కిందికి లాక్కుంది.

పొద్దున అమ్మకీ అబద్ధమే చెప్పింది. యూనిఫాం చొక్కాకి ఊడిన బొత్తాం కుడుతూ అమ్మ, "ఇవాళ ఎక్కడే డ్యూటీ?" అంటే, "ఏదో గోడౌనట" అనేసింది. అమ్మ దారం పళ్ళతో తెంపి చొక్కా చేతికిచ్చింది. ఒకప్పుడు అమ్మ పాటల బృందాలకి తళుకుల బట్టలు కుట్టేది. తర్వాత ఆ గోల మానేసి బడిపిల్లల యూనిఫాంలకి దిగింది.

పదేళ్ళప్పుడు గుంజ ఈ బృందంలోని అయిదుగురి పోస్టరు ఒకటి సంపాదించి మంచం పక్క గోడకి అంటించుకుంది. అందులో చివర నిలబడ్డ పొడుగాయనంటే ఆమెకి ప్రాణం. మర్నాడు బడి నుంచి వచ్చేసరికి గోడ మీద జిగురు మరకలు మిగిలాయి. "ఆ మొహం మళ్ళీ చూడనని ఒట్టెయ్యి" అంది అమ్మ. ఏడుస్తూనే ఒట్టేసింది. చూడననే, విననని కాదు. అప్పటినుంచి పక్కింటి రేడియోకి ఆమె మంచి స్నేహితురాలైంది.

పెద్దయ్యాక ఒకసారి, ఆ ఒట్టు తీసెయ్యమని అడిగింది. అమ్మ రెండు రోజులు మాట్లాడలేదు. మూడోరోజు కూర్చోబెట్టి అంతా చెప్పింది. ఆ తర్వాత గుంజ మళ్ళీ అడగలేదు.

దీపాలారాయి. జనం ఒక్కసారి హోరెత్తారు. బుగ్గల మీద మెరుపులద్దుకుని కంచెకి ఆనుకుని ఉన్న నడివయసు ఆవిడ ఒకరు గుంజ భుజం తట్టింది.

"కాస్త వంగు తల్లీ. నీ టోపీ అడ్డమొస్తోంది."

గుంజ వంగింది. ఊరుకోలేక అడిగింది. "మీకు ఎవరిష్టమండీ?"

"చివర పొడుగాయన. ఇంతవరకూ పెళ్ళి చేసుకోలేదు, తెలుసా? బృందంలో ఉన్నన్నాళ్ళూ ప్రేమా పెళ్ళీ కూడదని అప్పట్లో అందరిచేతా రాయించుకున్నారట. ఇవాళ మళ్ళీ కలిశారు గానీ, ఆనాడు విడిపోగానే మిగతా నలుగురూ పెళ్ళిపీటలెక్కారు. ఈయనొక్కడే మాకోసం ఉండిపోయాడు."

"మీకోసమా?"

"మరింకెవరికోసం?"

వెనక పాట మొదలైంది. ఆవిడ కళ్ళద్దాల్లో వేదిక చిన్నగా మెరుస్తోంది, అయిదు బొమ్మలు కదులుతున్నాయి. గుంజ చూపు దించి ఆవిడ గడ్డం మీద నిలిపింది.

"ఎలా ఉన్నాడండీ ఇప్పుడు?"

"నాలుగడుగుల్లో ఉన్నాడు, తిరిగి చూసుకోరాదూ?"

"రూలు ఒప్పుకోదు. మీరు చెప్పండి."

"జుట్టు పల్చబడింది. పొట్టొచ్చింది. గంతులెయ్యలేక చేతులూపుతున్నాడు. నవ్వు మాత్రం అదే."

ఆయన వంతు వచ్చినప్పుడు గుంజ ఒళ్ళంతా చెవులు చేసుకుంది. రేడియోలో అవలీలగా ఎక్కిన మెట్టు దగ్గర గొంతు జీరపోయింది. తిరగాలని మెడ లాగుతోంది. పిడికిళ్ళు బిగించి జనాన్నే చూసింది.

ఆఖరి పాటకి ముందు సూపర్వైజరు దగ్గరికొచ్చాడు. ఆయనదీ మరీ రాతిగుండె కాదు.

"నీ చోట్లో నేను నిలబడతా. తిరిగి కళ్ళారా చూసుకో. నేనేం అనను."

"వద్దు సార్."

"ఏం మనిషివే నువ్వు? దీనికోసమేగా నా ప్రాణం తీశావు?"

"ఇక్కడ నిలబడటానికి సార్. చూడటానికి కాదు."

ఆమె కళ్ళు నిండి ఉండటం చూసి ఆయన తల గోక్కుంటూ వెళ్ళిపోయాడు.

పాట సగంలో ఉండగా మెరుపులావిడ కెవ్వుమంది. "దిగుతున్నాడు! ఇటే వస్తున్నాడు!"

వెనక ఇనుప మెట్లు చప్పుడయ్యాయి. ఆయాసపడుతున్న ఊపిరి దగ్గరికొచ్చింది. గుంజ భుజం మీదుగా ఒక చెయ్యి కంచె వైపు సాగింది. తళుకుల మణికట్టు, ఉబ్బిన నరాలు, కొంచెం వణుకు. ఒట్టు మొహానికే కాబట్టి ఆ చేతిని మాత్రం తనివితీరా చూసింది.

"కొంచెం పక్కకి జరుగమ్మా," అంది ఆ గొంతు. పాడే గొంతు కాదు, మామూలుగా మాట్లాడే గొంతు.

ఆమె తిరక్కుండానే జరిగింది. మెరుపులావిడ ఆ చెయ్యి పట్టుకుని భోరుమంది. చెయ్యి మెల్లగా విడిపించుకుని ఆయన ముందుకి సాగిపోయాడు.

"అదృష్టవంతురాలివి తల్లీ, నీతో మాట్లాడాడు," అంది ఆవిడ కళ్ళద్దాలు తుడుచుకుంటూ. "ఏమన్నాడు?"

"పక్కకి జరగమన్నాడు," అంది గుంజ.

నాన్న తనతో మాట్లాడిన మొదటి మాట అది.