వంకలమ్మ నాలుక

"చెప్పండి అత్తయ్యా, ఉప్పు సరిపోయిందా?"

కోడలు గరిటె పట్టుకుని నిలబడింది. టైర్ల షాపు వెనక వాళ్లు వంట చేసే రేకుల షెడ్డు అది. గుండిగలోంచి లేస్తున్న ఆవిరికి అత్త కళ్లజోడు మసకబారింది. ఆవిడ సూపు ఒక చెంచా నోట్లో పోసుకుని కళ్లు మూసుకుంది.

"ఎంత వేశావు?"

"రోజూ వేసేంతే. కానీ ఇవాళ టమాటాలు మరీ పుల్లగా ఉన్నాయని కూరగాయలాయన అన్నాడు."

"అయితే ఏం చేద్దామనుకుంటున్నావు?"

"ఇంకో చిటికెడు ఉప్పు, కాస్త చక్కెర..."

"నేనూ అదే అనబోయాను. వెయ్యి."

కోడలు ఉప్పు డబ్బా అందుకుంది.

వీధిలో అందరూ చాటుగా ఆవిడని వంకలమ్మ అనేవాళ్లు. ఎవరింట్లో విందు తిన్నా, ఏదో ఒక వంక పెట్టకుండా చెయ్యి కడుక్కునేది కాదు. కోడలు పెద్ద హోటల్లో హెడ్ కుక్ అయినప్పుడు కూడా, "వాళ్లకి ఇంకెవరూ దొరకలేదు కాబోలు" అని మూతి విరిచింది.

ఆ ఏడాదే ఇంటిల్లిపాదీ జ్వరంతో మంచం పట్టారు. జ్వరం తగ్గాక కోడలికి అన్నమూ అట్టముక్కా ఒక్కలాగే అనిపించాయి. రుచి లేదు, వాసన లేదు. రేపు వస్తుంది, ఎల్లుండి వస్తుందని ఎదురుచూస్తూ, హోటల్లో ఎవరికీ చెప్పకుండా చేతి అలవాటు మీద నెట్టుకొచ్చింది. ఒక పెద్ద విందు రోజు కంగారులో సూపులో రెండుసార్లు ఉప్పు పడింది. గిన్నెలన్నీ బల్లల మీద నుంచి అలాగే వెనక్కొచ్చాయి. మర్నాడు ఆమె ఏప్రన్ విప్పి ఇచ్చేసి వచ్చింది. తర్వాత బేకరీలో చేరింది. పక్కనే ఓవెన్లో రొట్టెలు మాడి బొగ్గవుతున్నా తెలియక పిండి పిసుకుతూ నిలబడింది. అక్కడా పని పోయింది.

ఆ పైన ఆమె పొయ్యి దగ్గరికే వెళ్లలేదు. భర్త వండేవాడు. ఆమె గోడవైపు తిరిగి పడుకునేది.

ఒకరోజు అత్త కంచం పక్కకి నెట్టేసింది.

"మావాడి వంట ఇంక నావల్ల కాదు. లే అమ్మాయ్, నువ్వు వండు."

"నాకేమీ తెలియడం లేదు కదా అత్తయ్యా."

"నీకు తెలియకపోతే ఏం? రుచి నేను చూస్తాను. నా నోటికి వీధి వీధంతా హడలిపోతుంది. ఆ నోటికి ఏదైనా పని కల్పించు."

భర్త నవ్వాడు. "అమ్మా, తన వంట నీకెప్పుడు నచ్చింది గనక?"

"నచ్చదు కాబట్టే నేనుండాలి."

అలా మొదలైంది. ముందు టైర్ల షాపులో పనివాళ్లకి మధ్యాహ్నం భోజనం. వాళ్లు ఇంకొకరికి చెప్పారు, వాళ్లు మరొకరికి. మాడకుండా కోడలు గడియారం చూసుకునేది. మూకుడులో ఉల్లిపాయల చప్పుడు వినేది, రంగు చూసేది. చివరికి చెంచా అత్త నోటి దగ్గర పెట్టేది. ఆవిడ తల ఊపితే తప్ప డబ్బా మూత పడేది కాదు.

అప్పుడే బట్టల ఫ్యాక్టరీ నుంచి కబురొచ్చింది. క్యాంటీన్ మొత్తం అప్పగిస్తారట. అయితే ముందు ఒక పూట వండి రుచి చూపించాలి.

ఆ వారంలోనే అత్త స్నానాలగదిలో జారిపడింది. తుంటి ఎముక విరిగింది. ఆపరేషన్ చేశారు.

"నేను రానని ఫ్యాక్టరీకి చెప్పేస్తాను" అంది కోడలు, ఆసుపత్రి మంచం పక్కన కూర్చుని.

"నోర్ముయ్. విరిగింది తుంటి, నాలుక కాదు. వండి ఇక్కడికి పట్టుకురా."

ఫ్యాక్టరీలో రుచి చూపించాల్సిన రోజు పొద్దున్నే కోడలు కోడికూర, సూపు డబ్బాలో పట్టుకెళ్లింది. అత్త దిండుకి ఆనుకుని ఒక్కో చెంచా తింది. ఏమేం వేసిందో, ఎంతసేపు ఉడికించిందో అడిగింది. కోడలు తడబడకుండా అన్నీ చెప్పింది.

"బాగుంది. వెళ్లు."

"ఏ వంకా లేదా?"

"లేదన్నానుగా. ఆలస్యం చెయ్యకు."

ఫ్యాక్టరీలో క్యాంటీన్ చూసుకునే పెద్దావిడ, కుట్టుమిషన్ల మీద పనిచేసే కొందరు ఆడవాళ్లు బల్ల చుట్టూ కూర్చున్నారు. చెంచాల చప్పుడొక్కటే. ఇంతలో చివర కూర్చున్నామె రొట్టెముక్కతో పళ్లెం శుభ్రంగా తుడిచి, ఇంకొంచెం ఉందా అని అడిగింది.

పెద్దావిడ నవ్వింది. "ఎవరి చేతి వంటమ్మా ఇది?"

"చెయ్యి నాది. నాలుక మా అత్తగారిది."

ఒకటో తారీఖు నుంచి వచ్చెయ్యమన్నారు.

సంతోషంతో ఆసుపత్రికి పరిగెత్తిన కోడలికి వరండాలోనే భర్త ఎదురయ్యాడు. అతని మొహం వాడిపోయి ఉంది.

"అమ్మ మళ్లీ నడిచినా ఇంట్లోనేనట. షెడ్డు మాట మర్చిపొమ్మన్నారు డాక్టరుగారు."

లోపల అత్త ఆసుపత్రి వాళ్లు పెట్టిన జావ తాగుతోంది. కోడలు మంచం అంచున కూలబడింది.

"పని మనకే ఇచ్చారు అత్తయ్యా. కానీ వద్దని చెప్పేస్తాను."

"ఎందుకు?"

"మీరు లేకుండా ఆ గుండిగ ముందు నేను నిలబడలేను. అంతమంది ఆకలితో వస్తారు. మళ్లీ గిన్నెలన్నీ వెనక్కొస్తే ఈసారి నేను బతకను. ఇన్నాళ్లూ వండింది నేను కాదు, మీ నాలుక."

అత్త మంచినీళ్లు తెమ్మని, వెనకే వచ్చిన కొడుకుని బయటికి పంపింది. జావ గిన్నె పక్కన పెట్టి, కోడలి రెండు చేతులూ తన చేతుల్లోకి తీసుకుంది.

"ఆ జ్వరంలో నా నోటి రుచి కూడా పోయిందే, అమ్మాయ్. ఇంతవరకూ తిరిగి రాలేదు."