ఆగని మోటారు

"నువ్వు సెలవు పెట్టిన బుధవారం ఒక్కరోజే ఫ్రిజ్ చల్లగా ఉంది. దీనికేమంటావు దాలయ్యా?"

నర్సు దీవెనమ్మ గొంతు మిషన్ ఆసుపత్రి ఆవరణ దాటి రోడ్డు మీదికి వినిపిస్తోంది. ఆమె చేతిలో పోలియో చుక్కల సీసాలు వెచ్చగా ఉన్నాయి. ఇక పారబోయాల్సిందే. యారాడ పల్లె తల్లులు పిల్లల్ని ఎత్తుకుని గంటలకొద్దీ ఎదురుచూసి ఉత్తినే తిరిగి వెళ్లడం ఈ నెలలో ఇది మూడోసారి అవుతుంది.

"నానేటంటాను సిస్టరమ్మా? ఆ రోజు ఎలమంచిలిలో మా సెల్లి కూతురి పెళ్లిలో ఉన్నాను," అన్నాడు డ్రైవరు దాలయ్య.

"నేనూ అదే అంటున్నాను! ఆ రోజు నీ బదులు గంగరాజు నడిపితే చావని బ్యాటరీ నీ చేతిలో ఎందుకు చస్తోంది? సముద్రం ఒడ్డున బండి ఆపి టేపు పెట్టుకుని పాటలు వింటున్నావు!"

"మాది యారాడే. నా మనవరాలికీ ఆ సుక్కలే ఎయ్యాల. మా పిల్ల మందు నానే పాడుసేసుకుంటానా?"

"నోరు మూయ్!"

పల్లెలకు మందులు మోసే ఆ బండి దేశాలు తిరిగే దొరలిద్దరు పోతూ పోతూ ఆసుపత్రికి వదిలేసిన వ్యాను. లోపల మంచం, పొయ్యి, బ్యాటరీతో నడిచే చిన్న ఫ్రిజ్ ఉండేవి. మంచం తీసేసి మందుల బీరువా పెట్టారు. ఫ్రిజ్‌ను మాత్రం దీవెనమ్మ కన్నబిడ్డలా చూసుకుంటుంది. పోర్టు నుంచి లేచే ఖనిజం దుమ్ము పడకుండా పూలగుడ్డతో నాలుగు వైపులా కప్పే తొడుగు కుట్టి, నాడాలు బిగించి కడుతుంది. ఆసుపత్రి దుప్పట్లలో కలిసిపోకుండా అంచున ఎర్రదారంతో తన పేరు కూడా కుట్టింది.

పూర్ణా మార్కెట్ దగ్గర షాపున్న ఆటో ఎలక్ట్రీషియన్ ఫ్రాన్సిస్ సామాన్ల పెట్టెతో వచ్చాడు.

"ఆ నూనె చేతులతో తొడుగు ముట్టుకోకు," అంటూ ఆమే దాన్ని విప్పి మడతపెట్టింది. "మొన్న బుధవారమే ఇంట్లో ఉతికి గంజిపెట్టి ఆరేశాను."

ఫ్రాన్సిస్ బ్యాటరీలో యాసిడ్ చూశాడు. తీగలు లాగి చూశాడు. బెల్టు బిగువు చూశాడు.

"అన్నీ బాగున్నాయి సిస్టర్. ఏదో కరెంటు తాగేత్తంది."

"ఏదో కాదు, ఎవడో," అంది దీవెనమ్మ.

ఫ్రాన్సిస్ ఛార్జి చేసిన బ్యాటరీ బిగించేలోపు ఆమె సూపరింటెండెంట్ దయానందం గారికి ఉత్తరం రాసి పంపేసింది. మధ్యాహ్నానికి దాలయ్యను తీసేస్తూ ఆర్డరు వచ్చింది.

దాలయ్య తాళాలు బానెట్ మీద విసిరికొట్టాడు. "పద్నాలుగేళ్లు సేసాను. ఇయ్యాల దొంగనైపోయాను. సూసావా బావా?"

ఫ్రాన్సిస్ ఏదో అనబోయాడు. అప్పటికే దాలయ్య గేటు దాటేశాడు.

రెండు గంటలకు ఫ్రిజ్ మంచులా చల్లబడింది. మోటారు దానంతటదే ఆగి, కాసేపటికి మళ్లీ తిరుగుతోంది. స్టోరు నుంచి కొత్త సీసాలు తెచ్చి లోపల పెట్టింది దీవెనమ్మ.

"చూశావా? పీడ వదిలింది, ఫ్రిజ్ బాగుపడింది," అంటూ తొడుగు మళ్లీ తొడిగి నాడాలు బిగించింది.

నాలుగయ్యేసరికి మోటారు ఆగడం మానేసింది. సంగతేంటో తేల్చుకునే పోదామని ఆగిన ఫ్రాన్సిస్ చెవి పెట్టి విన్నాడు. ఫ్రిజ్ వెనక చెయ్యి పెట్టి చటుక్కున తీసేశాడు.

"నిప్పులా కాలిపోతంది సిస్టర్! ఈ వేడి ఎనక జాలీలోంచి బయటికి పోవాల. పోకపోతే మోటారు ఆగదు, బ్యాటరీనంతా పీల్సేత్తాది. దీనికి ఊపిరాడకుండా సేసినోలు ఉన్నారు. దాలయ్య బావ మాత్రం కాదు."

"మరెవరు?" దీవెనమ్మ పెన్ను తీసింది. "పేరు చెప్పు. వాళ్ల మీదా రాస్తాను."

ఫ్రాన్సిస్ నూనె వేలు తొడుగు అంచున ఎర్రదారం మీద ఆగింది.